కెమెరా బ్యాగు: సామాను చూసి కాదు, పని చూసి కొనండి

పెళ్లిళ్లు తీసేవారైనా, పత్రికకు ఫొటోలు పంపే స్ట్రింగరైనా బ్యాగు కొనేటప్పుడు ఇంట్లో ఉన్న సామానంతా పట్టేదాని కోసమే వెతుకుతారు. పెద్దది కొంటే ఖాళీ ఉంది కదా అని అక్కర్లేని లెన్సులూ అందులోకి చేరతాయి. సాయంత్రానికి భుజం పట్టేస్తుంది. భుజాన వేసుకునే చిన్న బ్యాగు నిలబడి పనిచేసేవారి కోసం. అందులోంచి ఏది కావాలన్నా చేతికి వెంటనే అందాలి.

1970లలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఫొటోగ్రాఫర్ జిమ్ డోమ్కే తన పనికి తగ్గట్టు కాన్వాస్ బ్యాగు తయారు చేసుకున్నది కూడా ఇందుకే. పెట్టెలా బిగుసుకోకుండా ఒంటికి అంటుకుని ఉండే ఆ బ్యాగు తర్వాత పత్రికా ఫొటోగ్రాఫర్లలో బాగా వాడుకలోకి వచ్చింది.

ముందు రోజూ వాడేవాటి జాబితా రాసుకోండి: ఒక బాడీ, దానికి తగిలించిన లెన్సు, ఇంకొక చిన్న లెన్సు, ఫ్లాష్, బ్యాటరీలు, కార్డులు. తర్వాత బరువు లెక్కేయండి. సోనీ ఎ7 IV బాడీ బ్యాటరీతో సుమారు 660 గ్రాములు, 24-70 ఎఫ్2.8 జీఎం II లెన్సు 695 గ్రాములు. ఈ రెండిటికే 1.35 కిలోలు దాటింది. కాబట్టి ఖాళీ బ్యాగు కిలోలోపే ఉండేలా చూసుకోండి. ఒక్కటే బాగా బరువు తూగే 70-200 ఎఫ్2.8 లాంటి లెన్సు రోజూ కావాలంటే రెండు భుజాల మీద మోసే బ్యాక్‌ప్యాకే మేలు.

కొలత తీసేటప్పుడు లెన్సును బాడీకి తగిలించి, హుడ్ తిరగేసి పెట్టి, వెనకనుంచి ముందు అంచు దాకా కొలవండి. పైన చెప్పిన జత 20 సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది. బ్యాగు వివరాల్లో లోపలి కొలతలే చూడండి. బయటి కొలతల్లో కొంత మెత్తకే పోతుంది.

మెత్తను బొటనవేలితో నొక్కి వదలండి. వెంటనే పైకి లేవాలి. అడుగు భాగం అన్నిటికంటే మందంగా ఉండాలి. హడావుడిలో బ్యాగును నేలమీద దించేటప్పుడు దెబ్బ తగిలేది అక్కడే. లోపలి అరలు గట్టిగా నిలబడకపోతే లెన్సులు ఒకదానికొకటి తగులుతాయి.

పట్టీ వెడల్పుగా ఉండాలి, భుజం మీద జారకూడదు, అడ్డంగా వేసుకునేంత పొడవుండాలి. అది బ్యాగుకు కలిసేచోట కుట్టు చతురస్రంలో ఇంటూ గుర్తులా వేసి ఉంటే బలంగా ఉంటుంది. కొక్కేలు లోహానివైతే మంచిది. మూత ఒంటివైపు కాకుండా బయటివైపు తెరుచుకోవాలి. అప్పుడే చెయ్యి నేరుగా కెమెరా మీద పడుతుంది. వెల్క్రో చప్పుడు మాటేమిటో కూడా చూసుకోండి. మంగళసూత్రం కట్టే వేళ పక్కనే వీడియో మైకు ఉంటే ఆ ‘చర్ర్’ శబ్దం రికార్డయిపోతుంది.

‘వాటర్ రెసిస్టెంట్’ అని రాసి ఉంటే చినుకులకు ఆగుతుందని అర్థం, బైకు మీద జోరువానకు కాదు. విడిగా రెయిన్ కవర్ ఉండాల్సిందే. పని అయ్యాక కెమెరాను తడి బ్యాగులో వదిలేయకండి. ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల తేమకు లెన్సులో ఫంగస్ పట్టొచ్చు. సిలికాజెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో దాచండి.

విమానంలో వెళ్లేవారు విడి లిథియం బ్యాటరీలను చెకిన్ సామానులో వేయకూడదు. అందుకే చేతి సంచిలో, కొసలు దేనికీ తగలకుండా పెట్టుకునే అర ఒకటి ఉండాలి. బ్యాగు మీద కెమెరా కంపెనీ పేరు పెద్దగా కనిపించకపోతే బస్టాండులో, రైల్లో అందరి కళ్లూ దానిమీద పడవు.

ఆన్‌లైన్లో కొన్నా, దుకాణంలో కొన్నా ట్యాగు తీయకముందే సామాను సర్ది, భుజాన వేసుకుని మెట్లెక్కి దిగండి. వంగి చూడండి, ముందుకు దొర్లుతోందా? బ్యాగు వైపు చూడకుండా కార్డు తీయండి, నిలబడే లెన్సు మార్చండి. తడుముకోవాల్సి వస్తే వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి.