తమ యీడు బాలుర మధ్య

పఠనభాగము: దానియేలు 1:3–20, 1 పేతురు 4:1–5

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము ఆదివారపు బడి పిల్లలందరికి తెలిసినదే. రాజు భుజించు ఆహారమును, పానము చేయు ద్రాక్షారసమును వలదనిన నలుగురు యూదా బాలుర వృత్తాంతమది. అయితే ఆ వృత్తాంతములో పానమును గూర్చిన సమస్యతోపాటు దేహరూపమును గూర్చిన సమస్యయు ముడిపడియున్నదని గమనించువారు అరుదు. నెబుకద్నెజరు కోరినదే లోపములేని, చక్కని రూపముగల బాలురను (4వ వచనము). దానియేలు మనవి వినినప్పుడు నపుంసకుల యధిపతికి కలిగిన భయము ధర్మశాస్త్రమును గూర్చినది కాదు, ముఖములను గూర్చినది. తమ యీడు బాలుర ముఖములకంటె వీరి ముఖములు వాడియున్నట్లు రాజు చూచినయెడల అతని తల నిలువదు (10వ వచనము).

ఇక్కడ వాడియుండుట అను భావమునకు మూలములోనున్న హెబ్రీ మాట, ఆదికాండము 40:6లో చెరసాలలోని పానదాయకుని, భక్ష్యకారుని దిగులు ముఖములను వర్ణించిన మాటయే. “ఈడు” అను అర్థమిచ్చు “గీల్” అను మాటయో, ఆ అర్థములో పాతనిబంధనయందు ఈ ఒక్కచోటనే కనబడుచున్నది. ఈడువారితో పోల్చబడుటవలని భయము బబులోను రాజనగరులోనే యుండెను. ఈ నలుగురి వయస్సు గ్రంథము చెప్పదు గాని, వారు పదునైదేండ్లకు అటునిటుగా నుండిన పిల్లలని వ్యాఖ్యాతలనేకుల తలంపు.

ఇంటర్మీడియట్ ముగించి, దూరపు పట్టణములో ఇంజనీరింగు కళాశాల వసతిగృహమునకు చేరిన ఒక బాలుని తలంచుకొనుడి. తోటివాని పుట్టినరోజు, రాత్రి పది గంటలు, మేడమీద పదిమంది. ఎవరును వాని నోట బలవంతముగా పోయరు. గ్లాసు చేతికిత్తురు, అంతే. వాడు తటపటాయించును. “ఏరా, ఇంకా అమ్మ కొంగు పట్టుకునే ఉన్నావా?” అని ఒకడనగా అందరు నవ్వుదురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 21 సంవత్సరములు నిండనివారికి మద్యము విక్రయించుట నేరము. కాని చట్టము ఆ మేడయెక్కి రాదు. అదే వేళకు బాలికల వసతిగృహములో ఒకతె ఫోనులో స్నేహితురాండ్రతో దిగిన చిత్రమును పెద్దది చేసి చూచుకొని, తన నడుమును పక్కదాని నడుముతో పోల్చుకొని, భోజనశాలకు పోక పడుకొనును. ఆకలి లేదని చెప్పును.

వీరు బుద్ధిహీనులు కారు. 2005లో అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమునకు చెందిన గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అను పరిశోధకులు ఒక కారు నడుపు ఆటను వేర్వేరు వయస్సులవారిచేత ఆడించిరి. పదుమూడు మొదలు పదునారేండ్ల పిల్లలు స్నేహితులు చూచుచున్నప్పుడు, ఒంటరిగా ఆడినప్పటికంటె రెట్టింపు అపాయములకు తెగించిరి. పెద్దలలో అట్టి భేదము కనబడలేదు. తెలియక కాదు, చూచు కన్నులున్నందున వారు తెగించిరి. కావున మద్యపాన దోషములను గూర్చి మరియొక ప్రసంగము చేసి ఊరకుండు సంఘము, పిల్లవానికి ముందే తెలిసినదానిని మరల చెప్పినదగును.

రూపమును గూర్చిన సంగతి మరింత సూక్ష్మమైనది. పది దినములైన తరువాత ఆ నలుగురు తక్కినవారికంటె సౌందర్యముగాను, ఒడలు బలిసియు కనబడిరి (15వ వచనము). ఈ బలిసిన దేహము అను పలుకుబడియే ఫరో కలలోని మంచి ఆవులకు వాడబడినది (ఆదికాండము 41:2). ఈ అధ్యాయమును సన్నబడుటకు ఆహారపట్టికగా బోధించువారు నేడు కొందరున్నారు. వారు 15వ వచనమువరకు చదివినట్లు తోచదు! దానియేలు ఎల్లకాలము శాకాహారియు కాడు. మూడు వారముల దుఃఖదినములలో తాను మాంసమును ద్రాక్షారసమును మానితినని అతడు చెప్పుటను బట్టి (10:3), తక్కిన దినములలో వాటిని పుచ్చుకొనుచుండెనని తెలియుచున్నది.

బబులోనులో పుష్టి అందము. ఫిజీ దీవులలోను ఇటీవలివరకు అట్లే యుండెను. అక్కడి ఒక ప్రాంతమునకు 1995లో టెలివిజన్ వచ్చెను. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఆన్ బెకర్ ఆ సంవత్సరమునను, మరల 1998లోను అక్కడి పాఠశాల బాలికలను విచారించెను. బరువు తగ్గుటకై తిన్నది కక్కుకొనుచున్నామని మొదటిసారి ఒక్కతెయు చెప్పలేదు. మూడేండ్ల తరువాత నూటికి 11 మంది చెప్పిరి. మారినది వారి దేహములు కావు, వాటిని కొలిచిన కొలబద్ద. మన దేశములో ఈ కొలత టెలివిజన్‌కంటె ముందుగా ఇంటిలోనే మొదలగును. “పిల్ల నలుపు”, “ఇంత లావైతే సంబంధాలెలా వస్తాయి” అని ఆరాధన ముగిసిన పిమ్మట గుడి ఆవరణములోనే పలుకు పిన్నమ్మలు, మేనత్తలు ఆ బాలికను తోటి బాలికలకంటె ఎక్కువగా గాయపరచుచున్నారు. ఆ తరువాత ఆమెకు దేవుని స్వరూపమును గూర్చి బోధించిన ఏమి లాభము?

దానియేలు ఎట్లు నిలిచెను? మొదట, అతడు అన్నిటిని నిరాకరింపలేదు. కల్దీయుల విద్య నేర్చెను. బెల్తెషాజరను అన్యనామమును మోసెను. ఒక్కచోట గీత గీసెను. గీసిన తరువాత మర్యాదగా అడిగెను. అధిపతి జంకగా, అతడు తమమీద నియమించిన నియామకునియొద్దకు పోయి, పది దినములు పరీక్షించి చూడుమని దారి చూపెను. కాదనుటకు తగిన మాటలు అతనియొద్ద సిద్ధముగానుండెను. మేడమీది బాలునికి లేనివి ఈ మాటలే. “నాకు వద్దురా, నేను బండి నడిపి అందరినీ దింపుతాను” అను చిన్న వాక్యమును యౌవనస్థుల కూటములో పలికించి అభ్యాసము చేయించుట కొందరికి అల్పముగా తోచవచ్చును. కాని నవ్వు వినబడిన క్షణమున నాలుకకు అందునది ముందు అలవాటైన మాటయే.

మరియొక సంగతి గలదు, ఇదియే ముఖ్యము. 12వ వచనములోని మనవి బహువచనములో నున్నది. 1951 మొదలు సాలమన్ ఆష్ అను మనస్తత్వవేత్త అమెరికా కళాశాల విద్యార్థులకు గీతలు చూపి వాటి పొడవులు పోల్చుమనెను. గదిలోని తక్కినవారందరు ముందుగా మాటలాడుకొని తప్పు చెప్పగా, పరీక్షింపబడినవారును ఇంచుమించు మూడింట ఒక వంతు పర్యాయములు కన్నులెదుటి సత్యమును విడిచి తప్పే చెప్పిరి. కాని నిజము చెప్పు తోడు ఒక్కడున్నప్పుడు ఆ తప్పులు నాలుగవ వంతునకు తగ్గెను. ఒక్కడు చాలెను. దానియేలునకు ముగ్గురుండిరి.

పేతురు వ్రాసినది ఈ తోడు లేనివారి కష్టమును ఎరిగియే. మునుపటి త్రాగుబోతు విందులకు విశ్వాసి రాకపోగా స్నేహితులు ఆశ్చర్యపడి దూషింతురని అతడు హెచ్చరించెను (4:3–4). అక్కడి గ్రీకు క్రియ పరదేశి అను మాటనుండి పుట్టినది. వద్దనినవాడు నిన్నటి మిత్రులకు పరదేశియగును. పదునెనిమిదేండ్ల వయస్సులో అది చిన్న శ్రమ కాదు. దానిని చిన్నదని చెప్పు పెద్దలు తమ యౌవనమును మరచినవారు. ఊరు విడిచి చదువునకు పోవు పిల్లవానికి సంఘము ప్రార్థన చేసి, బైబిలునిచ్చి పంపుచున్నది. ఆ కళాశాలలో విశ్వాసియైన మరియొక విద్యార్థి ఎవరని విచారించి, ఆ యిద్దరిని ముందుగా కలుపు కాపరులు ఎందరు?

రాజు జ్ఞానులనందరిని చంపవలెనని ఆజ్ఞాపించిన దినమున దానియేలు గడువు అడిగి యింటికి పోయెను. అచ్చట హనన్యాకు, మిషాయేలునకు, అజర్యాకు సంగతి తెలియజేసెను (2:17). ప్రార్థన ఆ తరువాతి వచనములో మొదలగుచున్నది.