పూర్వుల కథ వ్రాయడం ఎట్లా?

పితృకార్యం జరిగేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు ఉచ్చరించడం పలు కుటుంబాలలో ఆచారం. నాల్గవ తరం పేరు అడిగితే ఇంటి పెద్దలు కూడ తడుముకుంటారు. ఆ మూడు తరాలవారైనా తరచుగా పేర్లుగానే మిగిలిపోతారు. వారు ఏ పని చేసి బ్రతికారో, ఏ ఊరు ఎందుకు విడిచారో చెప్పగలవారు అరుదు. పేరుకు ప్రాణం పోసేది కథ. ఆ కథను సత్యానికి దూరం కాకుండ, చదివేవారికి ఆసక్తి కలిగేటట్లు వ్రాయడం ఎట్లాగో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ఈ ప్రయత్నం మనకు కొత్త కాదు. తెలుగునాట వంశరాజులు అని కూడ పేరు గల పిచ్చికుంట్లవారు ఇంటింటికీ వచ్చి గోత్రాలను, వంశగాథలను గానం చేసేవారు. హరిద్వారంలోని పండాలు తమ యాత్రికుల వంశవివరాలను 'బహీ' అనే పుస్తకాలలో తరతరాలుగా నమోదు చేస్తూ వచ్చారు. హిందీ కవి హరివంశరాయ్ బచ్చన్ 1969లో వెలువడిన తన ఆత్మకథ ప్రథమ సంపుటంలో తన బాల్యం కంటె ముందు తన పూర్వుల వృత్తాంతం చెప్పాడు. 'క్యా భూలూఁ క్యా యాద్ కరూఁ' అన్న ఆ గ్రంథనామానికి 'ఏది మరతును, ఏది తలతును' అని అర్థం. పూర్వుల కథ వ్రాయబూనిన ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ఎక్కడ ఆరంభించాలి?

పుట్టిన తేదీతో ఆరంభించనవసరం లేదు. ఇల్లు విడిచిన రోజుతో ఆరంభించవచ్చు. ఢిల్లీ నగరమే ఇందుకు నిదర్శనం. 1941లో సుమారు 9.18 లక్షలున్న ఇక్కడి జనాభా 1951 నాటికి 17.44 లక్షలకు చేరింది. దేశవిభజనతో నిరాశ్రయులై వచ్చినవారు ఇందుకు ముఖ్య కారణం. ఉద్యోగాల నిమిత్తం తెలుగువారు కూడ ఇక్కడ స్థిరపడ్డారు. వారి పిల్లల చదువు కొరకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. ఇటువంటి నగరంలో పక్కపక్క ఇళ్ళవారు ఒకరు లాహోరు వీధిని, ఒకరు గోదావరి గట్టును తలచుకుంటారు. 'మావాళ్ళు ఎందుకు బయలుదేరారు?' అన్న ప్రశ్న ఇద్దరికీ సమానమే.

సాక్ష్యం

జ్ఞాపకం కథకు ఊపిరి, పత్రం దానికి వెన్నెముక. ఇందుకు సముద్రం దాటిన తెలుగువారి చరిత్ర మంచి ఉదాహరణ. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన 'ట్రూరో' ఓడ 342 మందితో నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాల్ వెళ్ళిన భారతీయులు 1,52,184 మంది. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. తెలుగువారు వీరిలో ఉన్నారు. ఓడ పట్టికలలో ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలు వ్రాసేవారు. ఈ వలసల గురించి ప్రభుత్వం జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు నేడు ఢిల్లీలో జన్‌పథ్‌పై ఉన్న జాతీయ దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.

అయితే పత్రం కూడ పొరపడుతుంది. గుమాస్తా తన చెవికి సోకినట్లు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకున్నాడు. ఆ లిపిలో త, ట లకు గాని, ద, డ లకు గాని, ల, ళ లకు గాని భేదం లేదు. కనుక అక్కడి గ్రామనామాన్ని కంటితో చదివితే చాలదు. బిగ్గరగా పలికి, తెలుగు చెవితో వినాలి. ఒకే పేరు గల ఊళ్ళు రెండు మూడు ఉంటే తొందరపడి ఒకదానిని తేల్చరాదు.

కథనం

'మా ముత్తవ్వ నేటాల్ వెళ్ళి ఎన్నో కష్టాలు పడింది' అని వ్రాస్తే పాఠకుని కంటికి ఏమీ కట్టదు. ఒప్పందపు కూలీకి మొదటి సంవత్సరం జీతం నెలకు 10 షిల్లింగులు. ఒప్పందం ముగిసిన పిదప తిరిగి కూలికి కుదరక, స్వదేశానికీ పోక అక్కడే ఉండదలచినవారు ఏటా 3 పౌండ్ల పన్ను చెల్లించాలని 1895లో చట్టం వచ్చింది. మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు, అనగా తొలియేటి ఆరు నెలల జీతం. తరువాత స్త్రీలను కూడ ఈ పన్ను వదలలేదు. 1913 నాటి సత్యాగ్రహం ఫలితంగా 1914లో గాని అది రద్దు కాలేదు. ఈ లెక్క చెప్పిన పిమ్మట, 'ఆ యేడు ముత్తవ్వ ఏమి చేసి ఉంటుంది?' అని అడిగితే కష్టం అన్న మాటే వాడనక్కరలేదు.

ఇక్కడ ఒక నియమం పాటించాలి. తెలిసినదానిని తెలిసినట్లు, ఊహను ఊహగానే వ్రాయాలి. 'అయి ఉండవచ్చు' అన్న మాట కథకు లోపం కాదు. అది పాఠకునికి ఇచ్చే మర్యాద.

దాచిన పుటలు

వంశస్తుతి వేరు, వంశచరిత్ర వేరు. స్తుతిలో అందరూ దాతలే, పండితులే. అప్పు, కరవు, కులం వలన పడిన అవమానం, మనం ఇతరులకు చేసిన అవమానం అందులో కనిపించవు. స్త్రీలు అసలే కనిపించరు. పెక్కు వంశవృక్షాలలో కోడలి పుట్టినింటి పేరు కూడ ఉండదు. అట్టి పుటలను తెరచినప్పుడే మన పూర్వులు కూడ సాటివారి పూర్వుల వలె ఆకలి ఎరిగినవారని, తప్పులు చేసినవారని, పొరుగువారి సాయంతో నిలిచినవారని తెలుస్తుంది. ఇరుగుపొరుగు వారిని సమభావంతో చూడడానికి ఇంతకంటె మంచి పాఠం లేదు.

అభ్యాసం

విద్యార్థులు ఈ వారమే తమ కుటుంబంలోని పెద్దలలో ఒకరిని ఈ మూడు ప్రశ్నలు అడిగి, వారి మాటలను వారి యాసలోనే వ్రాసుకోవాలి:

1. ఊరు విడిచిన రోజు వెంట ఏమి తీసుకొని వచ్చారు?
2. కొత్తచోట మొదట ఆశ్రయం ఇచ్చినవారు ఎవరు?
3. అవ్వ పుట్టినింటి పేరు ఏమిటి?

పిదప రేషను కార్డు, భూమి పట్టా, పాత ఉత్తరాలు చూచి ఆ మాటలను సరిపోల్చాలి. భాండాగారంలోని కాగితం రేపు కూడ ఉంటుంది. అవ్వ జ్ఞాపకం అట్లా వేచి ఉండదు. అందుచేత ముందు ఆమె వద్ద కూర్చోవాలి.