వేయి కొండల రువాండాలో కారు ప్రయాణం ఎలా?

రువాండాకు వేయి కొండల దేశమని పేరు. రాజధాని కిగాలి నుంచి ముసాంజె మీదుగా కివు సరస్సు ఒడ్డున ఉన్న రుబావుకు సుమారు 150 కిలోమీటర్లు. మూడు నాలుగు గంటల దారే అయినా మనం రోజంతా తీసుకుందాం. బండి మాత్రం మనం నడపొద్దు. అక్కడ రోడ్డుకు కుడివైపున వెళ్లాలి, పైగా అన్నీ మలుపులే. స్థానిక డ్రైవరును పెట్టుకుందాం.

కావలసినవి

స్వెట్టరు, చిల్లరగా రువాండా ఫ్రాంకులు, మంచినీళ్లు, కడుపులో తిప్పితే చప్పరించడానికి అల్లం మురబ్బా. సామాను గుడ్డసంచుల్లో సర్దుకోండి. ప్లాస్టిక్ సంచులపై అక్కడ 2008 నుంచి నిషేధం ఉంది.

పద్ధతి

1. ముందురోజు సాయంత్రమే డ్రైవరుతో మాట తేల్చుకుందాం. పెట్రోలు ఎవరిది, ఆయన భోజనం ఎవరిది, రాత్రి ఆగితే బస ఎవరిది? మూడూ విడివిడిగా అడగండి. "అన్నీ కలిపే" అనగానే నేను తలూపేశాను. ఆయన గది అద్దె అందులో లేదని రుబావు చేరాక, రాత్రి తొమ్మిదింటికి తెలిసింది.

2. తేదీ చూసుకుందాం. నెలలో చివరి శనివారం ఉముగండా, అంటే దేశమంతా చేసే శ్రమదానం. ఉదయం 8 నుంచి 11 దాకా దుకాణాలు తెరవరు, బండ్లు పెద్దగా తిరగవు.

3. ఆరింటికల్లా బయల్దేరుదాం. 4,507 మీటర్ల కరిసింబి అగ్నిపర్వతం కనబడాలంటే పొద్దున్నే వెళ్లాలి. ఆలస్యమైతే మబ్బులు కమ్మేస్తాయి.

4. ముందు సీట్లో కూర్చుందాం. అలవాటుకొద్దీ ఎడమ తలుపు తీస్తాం, చూస్తే అక్కడ స్టీరింగు! చుట్టూ తిరిగి వచ్చి, "మురాహో" అని పలకరించి కూర్చోండి.

5. కిగాలి దాటగానే ఎత్తు మొదలవుతుంది. బంగాళాదుంప, చిక్కుడు, జొన్న వేసిన మెట్ల పొలాలు కనబడతాయి. లారీల వెనక కడ్డీ పట్టుకుని సైకిళ్లవాళ్లు ఎత్తెక్కుతుంటారు. బాగుందని మలుపులో "ఆపండి" అని అరవకండి, వెనక లారీ ఉంటుంది. "ఎక్కడ బాగుంటే అక్కడ మీరే ఆపండి" అని బయల్దేరేటప్పుడే చెప్పేద్దాం. అలా చెప్పిన రోజున మా డ్రైవరు ఒక అరటితోట పక్కన ఆపి ఇంజను కట్టేశాడు. లోయంతా పొగమంచు, పైకి కొండల వీపులే తేలుతున్నాయి. కింద ఎక్కడో మేక అరిచింది. నేనైతే ఆ చోటు దాటేసి పోయేవాణ్ణి.

6. న్యిరంగరమలో బస్సులు ఆగేచోట మనమూ ఆగుదాం. కాల్చిన మాంసం ఊచలు, బంగాళాదుంపలు దొరుకుతాయి. పక్కన అకబంగ అనే మిరప నూనె ఉంటుంది. కంటిచుక్కల మందులా చిన్న సీసా. ఆవకాయ నూనె తిన్న ధీమాతో ఒంపుకోకండి, రెండు చుక్కలు చాలు. నేను ఒంపుకున్నాను.

పొరపాట్లు

"కాస్త తొందరగా పోనివ్వండి" అనడం అన్నిటికన్నా పెద్ద తప్పు. దారిపొడవునా వేగం పట్టే కెమెరాలుంటాయి, జరిమానా పడేది ఆయన మీద. మనుషుల ఫొటోలకు ముందు అడగండి. సైనికులనూ సరిహద్దు చౌకీనీ అసలు తీయకండి. 1994 నరమేధం గురించి గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆయనే చెబితే వినండి.

చీకటి పడకముందే రుబావు చేరండి. డబ్బు చేతికిస్తూ "మురాకోజే" అనండి, ధన్యవాదాలని.