జబ్బు, రోగము, వ్యాధి, నలత: ఒక పదవిచారము

ఐక్య అరబ్ ఎమిరేట్సులో పనిచేయు తెలుగువాడు ఒంటిలో బాగులేని దినమున నింపు సెలవు కాగితముపై ఒక్కటే ఆంగ్లపద ముండును: 'సిక్'. జ్వరమైనను, నడుము పట్టివేసినను, ఎండకు సొమ్మసిల్లినను ఆ మాటయే. 2021 నాటి 33వ ఫెడరల్ డిక్రీ చట్టము 2022 ఫిబ్రవరి 2 నుండి అక్కడ అమలులో నున్నది. దాని ప్రకారము ప్రొబేషన్ కాలము దాటిన పనివానికి ఏడాదికి 90 దినముల వరకు ఈ సెలవు కలదు. మొదటి 15 దినములకు పూర్తి జీతము, తరువాతి 30 దినములకు సగము జీతము; మిగిలిన దినములకు ఏమియు లేదు. సంగతిని 3 పనిదినములలోపల యజమానికి తెలిపి వైద్యుని పత్రము చూపవలెను. కావున వైద్యుని యెదుట ఆ పనివాడు ఏ మాట పలుకునో, ఆ మాట ఆంగ్లములోనికి ఎట్లు మారునో, దానిమీద జీతము, ఒక్కొక్కప్పుడు ప్రాణమును ఆధారపడియున్నవి.

ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కిన పూర్వులకు ఈ చిక్కు క్రొత్తది కాదు. మారిషసు చెరకుతోటలలో, తగిన కారణము లేదని తలచిన ప్రతి గైరుహాజరు దినమునకు రెండు దినముల కూలి కోయు 'డబుల్ కట్' పద్ధతి నడచెను. తన బాధ ఎట్టిదో దొరకు, సర్దారుకు అర్థమగునట్లు చెప్పలేనివాడు పని యెగవేసినవాడే. నేడు ఆ కూలీల సంతతివారు మారిషసులో క్రియోలు మాట 'మలాద్' అందురు. ఫిజీలో 'బిమార్', మలేసియాలో 'సాకిత్', నాటాలులో 'సిక్' అందురు. వీనిలో 'సాకిత్' నొప్పికిని జబ్బుకును కూడ ఒక్కటే మాట. తాతల తెలుగులో నొప్పి వేరు, జబ్బు వేరు. జబ్బులోనే మరల ఎన్నియో మెట్లు.

అన్నిటికంటె తేలికైనది నలత. నలతగా నున్నవాడు లేచి తిరుగుచునే యుండును, కాని అన్నము సయింపదు, మాట యందు ఉత్సాహ ముండదు. దానికి పేరు లేదు, మందును లేదు. సుస్తీ పారసీకమునుండి వచ్చిన మాట. అక్కడ దాని అర్థము మందకొడితనము. అందుచేతనే సుస్తీ యన్నప్పుడు ఒళ్లు లేవకపోవుట ముందు స్ఫురించును. జబ్బు అచ్చముగా వాడుకలోని మాట, జలుబు మొదలు పెద్ద రోగము వరకు దేనికైనను చెల్లును.

రోగము సంస్కృతములో 'రుజ్' అను ధాతువునుండి పుట్టినది. విరుగగొట్టుట దాని అర్థము. ఆ బరువు నేటికిని మాటను విడువలేదు. 'ఏం రోగం నీకు?' అన్నచో అది పరామర్శ కాదు, తిట్టు. మంచముమీద నున్నవానిని చూడబోయిన పెద్దలు ఈ మాటను నోట రానీయరు. తెగులు కూడ అట్టిదే: వరికి, మిరపకు తెగులు పట్టును, మనుష్యునికి పట్టినదనుట కోపములో మాత్రమే. వ్యాధి వైద్యుని మాట, గ్రంథముల మాట. పేరు తెలిసినదానికే అది చక్కగా అతుకును: క్షయవ్యాధి, చర్మవ్యాధి. దాని ప్రక్కనే ఆధి కలదు. వ్యాధి దేహమునకు, ఆధి మనస్సునకు.

అస్వస్థత అను మాటలో అందమైన భావ మున్నది. స్వస్థుడనగా తనయందు తాను నిలిచినవాడు; ఆ నిలుకడ తప్పుటయే అస్వస్థత. ఆంగ్లములోని 'డిసీజ్' కూడ మొదట సుఖము లేకపోవుట యనియే అర్థము. అయితే వార్తాపత్రికలు ఈ పదమును పెద్దవారికే మీదుకట్టినవి. మంత్రిగారు అస్వస్థతకు గురియగుదురు. కూలివానికి జబ్బు చేయును.

ఈ 'చేయు' అను క్రియను గమనింపవలెను. 'ఐ యామ్ సిక్' అను వాక్యములో మనిషియే కర్త. 'నాకు జబ్బు చేసినది' అన్నప్పుడు జబ్బే కర్త, మనిషి దానికి లోబడినవాడు. జ్వరము తగులును, అంటువ్యాధి సోకును, రోగము ముదురును, అమ్మవారు పోయును. ఇన్ని క్రియలును ఒక్క 'యామ్'లో పట్టవు. పైగా బ్రిటిషు వాడుకలో 'సిక్' అన్నచో వాంతి యను అర్థము కూడ కలదు. నలతగా నున్నదని చెప్పబోయి ఆ మాట పలికినవానిని ఎన్నిమార్లు వాంతి యైనదని వైద్యుడు అడుగవచ్చును.

ఎమిరేట్సుకు పోయిన తెలుగు పనివారిలో కరీంనగర్, నిజామాబాదు ప్రాంతములవారు మెండు. వారి నోట 'పానం మంచిగ లేదు' అను మాట వినబడును. ప్రాణమే పానమై, ఒంటికి మారుపేరైనది. దీనిని మాటకు మాటగా ఆంగ్లము చేసినచో వినువాడు హడలిపోవును. చెప్పినవానికి ఒట్టి జలుబే కావచ్చును. మరియొక వైపు వీరికి ఒక మేలు కలదు. ఇంటివద్ద ఆసుపత్రిని దవఖాన యనుట వీరికి అలవాటు. అందలి 'దవా' అరబ్బీ మాటయే, దుబాయిలోను మందునకు అదే పేరు. రోగిని అరబ్బులు 'మరీద్' అందురు. హైదరాబాదు ఉర్దూలోని 'మరీజ్' అదియే.

మలయాళముతో మాత్రము జాగ్రత్త వలయును. అక్కడి ఆసుపత్రులలో కేరళ నర్సు లెక్కువ. వారి భాషలో 'పని' యనగా జ్వరము! 'నాకు పని ఉంది, తొందరగా పంపండి' అని తెలుగువాడు పలికినచో ఆమె జ్వరము చూచు గాజుగొట్టమును తెచ్చినను తెచ్చును.

నవ్వుటకు వీలులేని చోటు ఎండ. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 మొదలు 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించుట ఆ దేశములో నిషిద్ధము. అయినను ఉక్క, వేడి మిగిలిన గంటలలో తక్కువ కావు. వేడివలన కలుగు బాధకు తెలుగులో వరుసగా మాటలున్నవి: నోరు పిడచకట్టుట, నీరసము, కళ్లు తిరుగుట, శోష, చివరకు వడదెబ్బ. కళ్లు తిరిగినవానిని నీడన కూర్చుండబెట్టి నీరు, ఉప్పు ఇచ్చినచో చాలవరకు తేరుకొనును. వడదెబ్బ అట్లు కాదు. ఒళ్లు కాలిపోవును, మాట తడబడును, మతి తప్పినట్లుండును. వెంటనే ఒంటిని చల్లబరచి ఆసుపత్రికి చేర్పకున్నచో ప్రాణము దక్కదు. తోటివాడు ఫోనులో 'సిక్' అని మాత్రము చెప్పినచో ఈ రెంటికిని భేద మెట్లు తెలియును? 'కళ్లు తిరిగినవి', 'మాట తడబడుచున్నది' అని చూచినది చూచినట్లు చెప్పుట మేలు. అవి ఏ భాషలోనికైనను చెడకుండ పోవును.

ఆంగ్లములో ఇల్లు విడిచిన దిగులును కూడ జబ్బుతో చేర్చి 'హోమ్‌సిక్' అందురు. తెలుగువారు దానిని జబ్బనరు. కోస్తావారికి అది బెంగ, తెలంగాణమువారికి రంది. కాని బెంగతో జ్వరము వచ్చుననియు, రందితో మనిషి చిక్కిపోవుననియు పల్లెలలో అందరు నెరుగుదురు. సెలవు కాగితములో దీనికి గడి లేదు. కడుపునొప్పి యని చెప్పి వచ్చిన వారిలో కొందరిది ఇదియే కావచ్చును.

నయమగుటకు సయితము తెలుగులో మెట్లున్నవి. జ్వరము తగ్గును, మనస్సు నెమ్మదించును, ఆరోగ్యము కుదుటపడును, బలము తిరిగి వచ్చినప్పుడే మనిషి కోలుకొనును. వైద్యుని పత్రములో వీని కన్నిటికిని 'ఫిట్' అను ముద్రయే. ఆ ముద్ర పడిన సాయంకాలము తల్లి ఊరినుండి 'పానం ఎట్లున్నది బిడ్డా?' అని యడిగినప్పుడు, 'జరం తగ్గింది అవ్వా, ఇంకా కోలుకోలె' అని కొడుకు చెప్పును. మరునాటి తెల్లవారుజామున పనిబస్సు వచ్చును.