"వెల్‌కమ్" అనే మాట – అర్థము, వాడుక



ఆదివారము హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మన తెలుగు కూడికకు వచ్చువారు గుమ్మము దగ్గర మొదట వినేది "వెల్‌కమ్ బ్రదర్", "వెల్‌కమ్ సిస్టర్" అనే మాట. తెలుగులో ఆరాధించుకొనుటకు కూడుకొనే మనము, లోపలికి పిలుచుటకు మాత్రము ఇంగ్లీషు వాడుచున్నాము. అందులో తప్పు లేదు. అయితే పలికే మాటకు అర్థము తెలిసి పలుకుట మంచిది. ఉపాధ్యాయ శిక్షణ నాటి అలవాటు చొప్పున ఈ మాటను నల్లబల్లపై వ్రాసినట్లు విడదీసి చూతము.

1. మాట పుట్టుక

"వెల్‌కమ్" అనగా "బాగుగా వచ్చితిరి" అని మనమనుకొందుము. ప్రాచీన ఇంగ్లీషులో దీని రూపము "విల్‌కుమా". "విల్" అనగా ఇష్టము, "కుమా" అనగా వచ్చినవాడు. ఎవని రాక మనకు ఇష్టమో అతడే "విల్‌కుమా". అనగా మొదట ఇది పలకరింపు కాదు, వచ్చిన మనిషికే పేరు. కాలక్రమమున "విల్" కాస్తా "వెల్"గా మారినది.

మన "స్వాగతము"లో "సు", "ఆగతము" అని రెండు భాగములున్నవి. మంచి రాక అని అర్థము. "అతిథి" అనగా తిథి, వారము చెప్పకుండ వచ్చువాడని పెద్దలు చెప్పుదురు. మనమున్న ఈ ఊరిలో కన్నడిగులు "బన్ని" అని పిలిచి, "ఊట ఆయ్తా" అని అడుగుదురు. "రండి, భోంచేశారా" అనే మన పలకరింపు కూడ అదే. ఆకలి సంగతి అడుగనిదే మనవైపు పలకరింపు పూర్తి కాదు.

2. వాడుక

"కమ్" భూతకాలములో "కేమ్" అగును గాని, "వెల్‌కమ్" మాత్రము "వెల్‌కమ్డ్" అగును. "యు ఆర్ వెల్‌కమ్" అనగా "మీ రాక మాకు ఇష్టము". "యు వర్ వెల్‌కమ్డ్" అనగా "మీకు స్వాగతము చెప్పిరి". మొదటిది మనస్సును తెలుపును, రెండవది జరిగిన పనిని తెలుపును. ఒకరికి స్వాగతము చెప్పి ఊరుకొనవచ్చును, వారి రాక మనకు ఇష్టము కాకపోవచ్చును. ఈ భేదము వ్యాకరణముతో ముగియదు.

3. వాక్యములో

హెబ్రీయులకు 13:2లో ఆతిథ్యమునకు వాడిన గ్రీకు మాట "ఫిలోక్సెనియ". "ఫిలోస్" అనగా ప్రేమించువాడు, "క్సెనోస్" అనగా పరదేశి. తెలిసినవారికి భోజనము పెట్టుట మర్యాద. తెలియనివానిని ప్రేమించుట ఆతిథ్యము.

ఆదికాండము 18వ అధ్యాయములో అబ్రాహామును చూడుడి. ఎండవేళ ముగ్గురు కనబడగా ఎదురు పరుగెత్తెను, కాళ్ళకు నీళ్ళు తెప్పించెను, చెట్టు క్రింద కూర్చుండమనెను, భోజనము పెట్టి వారియొద్ద నిలుచుండెను, తరువాత వారితో నడిచి సాగనంపెను. మన "వెల్‌కమ్" వీటిలో మొదటి మెట్టు మాత్రమే. మత్తయి 25:35లో మన తెలుగు బైబిలు ఎన్నుకొన్న మాట "చేర్చుకొనుట". ఇంతకంటె చక్కని అనువాదము "వెల్‌కమ్"కు దొరకదు.

4. మన చరిత్రలో

ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు పని ప్రారంభించిన తొలి సంవత్సరములలో, కనిగిరి ప్రాంతపు మాదిగలు ప్రభువును నమ్మి వచ్చిరి. వారిని చేర్చుకొనవద్దని పై కులములవారు హెచ్చరించిరి. దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీయులకు 1:26-29 వచనములే కనబడినవి. వారు ఆ పేదలను చేర్చుకొనిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆనాడు ఆ తలుపు మూసియుంటే ఈనాడు మనలో అనేకులము ఇక్కడ ఉండకపోదుము.

నేటాలుకు చెరకు తోటల పనికి వెళ్ళిన తెలుగువారి యొద్దకు 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు ప్రాంతమునుండి సముద్రము దాటి వెళ్ళిరి. వలసవారిని వెదకి చేర్చుకొనుట మన సంఘములకు క్రొత్త కాదు.

5. మన గుమ్మములో

కొన్నేండ్ల క్రిందట కనిగిరి వైపునుండి వచ్చి తాపీపని చేసుకొనే ఒక యువకుడు భార్యతోను, చంటిబిడ్డతోను మా కూడికకు వచ్చెను. మేము చెయ్యి కలిపి "వెల్‌కమ్ బ్రదర్" అంటిమి. సందర్శకుల పుస్తకములో పేరు, ఫోను నంబరు వ్రాయించుకొంటిమి. ఆరాధన తరువాత టీ త్రాగుచు మేము పిల్లల కాలేజీలు, ఫ్లాట్ల ధరలు మాట్లాడుకొంటిమి. ఆ దంపతులు చెప్పుల దగ్గర కొంతసేపు నిలిచి వెళ్ళిరి. మూడు ఆదివారములు వచ్చి మానిరి.

రెండు నెలల తరువాత ఫోను చేయగా ఊరికి తిరిగి వెళ్ళితిమని చెప్పెను. "బాబుకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఉంచామండీ. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. అందరూ లోపలికి రమ్మన్నారు గాని, ఎవరూ ఇంటికి రమ్మనలేదండీ" అనెను. అందులో కోపము లేదు. అందుకే మాకు ఎక్కువ నొప్పి కలిగినది. ఆ పేరు ఇంకను మా పుస్తకములో ఉన్నది. మేము వ్రాసుకొంటిమి, చేర్చుకొనలేదు. కంప్యూటరు ఉద్యోగపు కార్డు మెడలో వేసుకొని వచ్చిన వారిని ఆ నెలలోనే భోజనమునకు పిలిచితిమి. యాకోబు 2వ అధ్యాయము మా గురించే వ్రాసినట్లున్నది.

హోసూరు రోడ్డు, సర్జాపుర రోడ్డు, ఈ రెండు దారుల పేరే మన లేఅవుట్‌కు పెట్టిరి. మనమును దారిని పడి వచ్చినవారమే. పల్లెలో తలుపు తీసియుండును గనుక అతిథి తానే రాగలడు. ఇక్కడ గేటు దగ్గర ఫ్లాటు నంబరు చెప్పి, ఫోనులో అనుమతి వచ్చినగాని లోపలికి పంపరు. అది భద్రతకు అవసరమే. కాని ఇట్టి ఇంటికి పిలువనిదే ఎవరును రాలేరు. కాబట్టి మనమే ముందుగా పిలువవలెను. విందు అక్కరలేదు. పప్పు, చారు, మజ్జిగ చాలును. నెలకొక కుటుంబము క్రొత్తగా వచ్చిన ఒకరిని ఇంటికి తీసికొని వెళ్ళిన యెడల, సంవత్సరమునకు పన్నెండు ఇండ్ల తలుపులు తెరచుకొనును.

చర్చించుటకు ప్రశ్నలు

1. గత నెలలో మీ కూడికకు క్రొత్తగా వచ్చినవారి పేర్లు మీకు తెలియునా? వారి కష్టము తెలియునా?
2. మీ భోజనపు బల్ల దగ్గర చివరిసారి కూర్చున్న పరదేశి ఎవరు?
3. మన కూడికలో వెనుక వరుసలోనే ఎప్పుడును కూర్చుండువారు ఎవరు? ఎందుచేత?

వచ్చే ఆదివారము "వెల్‌కమ్" అన్న తరువాత ఇంకొక మాట కలుపుదము: "మధ్యాహ్నము మా ఇంటికి రండి." ప్రభువు మన గృహములను దీవించునుగాక. ఆమేన్.