వోల్టేజీ సగమైతే పవర్ ఎంత?

ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి ఉద్యోగాల వేటలో ఉన్న కుర్రాళ్లు కనిపిస్తే నేను మొదట అడిగేది ఒకటే. 230 వోల్టుల దగ్గర 1000 వాట్లు తీసుకునే ఇస్త్రీ పెట్టెకు 115 వోల్టులే ఇస్తే ఎన్ని వాట్లు తీసుకుంటుంది? చాలామంది తడుముకోకుండా ‘500’ అంటారు. సరైన జవాబు 250.

సూత్రం రాక తప్పు చెప్పడం లేదు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెండింటినీ గుణిస్తే పవర్ అని పదో తరగతిలోనే నేర్చుకున్నారు. వోల్టేజీ తగ్గితే దాంతోపాటు కరెంటు కూడా తగ్గుతుందన్న సంగతే ఆ క్షణాన తట్టదు. 1000ని 230తో భాగించండి, 4.35 యాంపియర్లు. 230ని 4.35తో భాగించండి, సుమారు 53 ఓమ్‌లు. పెట్టెలోని నిక్రోమ్ తీగ నిరోధం అది. వోల్టేజీ ఎంత ఇచ్చినా అది దాదాపు అలాగే ఉంటుంది. 115 వోల్టుల దగ్గర కరెంటు 2.17 యాంపియర్లకు పడిపోతుంది. ఇప్పుడు రెండూ గుణిస్తే 250.

అందుకే లెక్క మొదలుపెట్టే ముందు ‘ఇందులో మారనిది ఏది?’ అని చూసుకోమంటాను. ఓమ్ నియమం పుట్టిందే అలా. కొలోన్ నగరంలో బడిపంతులుగా పనిచేస్తూ ప్రయోగాలు చేసిన గేయార్గ్ ఓమ్‌కు బ్యాటరీ వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. దాంతో రెండు లోహాల జంటలో ఒక అతుకును మరిగే నీళ్లలో, ఇంకోదాన్ని మంచులో ఉంచి, కదలని వోల్టేజీ సంపాదించారు. ఆ తర్వాతే లెక్క కుదిరింది. 1827లో పుస్తకంగా అచ్చయింది.

కాగితం మీద చేసిన లెక్కను ఒకసారి చేత్తో కొలిచి చూడండి. ఇస్త్రీ పెట్టె ప్లగ్గును సాకెట్‌లోంచి పూర్తిగా పీకేయండి. కరెంటు ఉండగా ఓమ్‌లు కొలవడం మీటరుకూ మీకూ ప్రమాదమే. థర్మోస్టాట్‌ను ఎక్కువ వేడి వైపు తిప్పి, మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి, ప్లగ్గులోని రెండు చిన్న పిన్నులకు ప్రోబులు ఆనించండి. పెద్ద పిన్ను ఎర్త్, దాని జోలికి వెళ్లొద్దు. 1000 వాట్ల పెట్టె అయితే 50 చిల్లర, 750 వాట్లదైతే 70 చుట్టుపక్కల చూపిస్తుంది. మీ లెక్క మీటరులో కనిపించినప్పుడు కలిగే ధైర్యం వేరు.

తర్వాత పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు తీసుకోండి. లెక్క ప్రకారం 529 ఓమ్‌లు రావాలి. మీటరు అందులో పదోవంతు కూడా చూపించదు. మీటరు చెడిపోలేదు. టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాలుతున్నప్పటి నిరోధం 529, మీరు కొలిచింది చల్లగా ఉన్నప్పటిది. ‘బల్బు స్విచ్చి వేసిన క్షణంలోనే ఎందుకు ఎక్కువగా మాడిపోతుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే జవాబు ఇక్కడే ఉంది.

పోటీ పరీక్షల్లో బాగా తిప్పలు పెట్టే ప్రశ్న ఇంకొకటి. 100 వాట్ల బల్బు, 40 వాట్ల బల్బు సిరీస్‌లో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? సిరీస్‌లో రెండింటి గుండా పోయే కరెంటు ఒకటే. 40 వాట్ల బల్బు నిరోధం 1322 ఓమ్‌ల పైమాట కాబట్టి ఎక్కువ పవర్ దానికే దక్కుతుంది. అదే ఎక్కువ వెలుగుతుంది.

పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినా, పాలిసెట్ రాసి మూడేళ్ల ట్రిపుల్‌ఈ డిప్లొమాలో చేరినా, ఆ డిప్లొమా తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదికి వెళ్లినా ఈ లెక్కలు వెంట వస్తూనే ఉంటాయి. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ రెండో దశ పరీక్షలో ట్రేడ్ పేపరు ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జూనియర్ లైన్‌మన్ కావాలంటే స్తంభం కూడా ఎక్కి చూపించాలి. కాళ్లూ చేతులూ ఎంత సాధన చేస్తాయో, లెక్క కూడా అంత సాధన చేయాలి. 2000 వాట్ల గీజరు చూడగానే 8.7 యాంపియర్లు, 6 యాంపియర్ల ప్లగ్గు పనికిరాదు, 16ది కావాలి అని నోటికి రావాలి.

ఉద్యోగంలో చేరాక అసలు పరీక్ష పొలం గట్టు మీద ఎదురవుతుంది. వోల్టేజీ పడిపోయిన రోజున బోరు మోటారు కాలిపోతుంది. రైతు మిమ్మల్నే అడుగుతాడు: ‘‘కరెంటు తక్కువొస్తే మోటారు ఎందుకు కాలింది సార్?’’ ఇస్త్రీ పెట్టె లెక్క ఇక్కడ వేస్తే బోల్తా పడతారు. ఇక్కడ మారనిది నిరోధం కాదు, పంపు ఎత్తాల్సిన నీళ్ల బరువు. 5 హార్స్‌పవర్ మోటారు షాఫ్టు దగ్గర 3730 వాట్లు ఇవ్వాలి, లైను నుంచి తీసుకునేది అంతకంటే ఎక్కువే. వోల్టేజీ తగ్గినా ఆ పని తగ్గదు కాబట్టి మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. వైండింగ్‌లో వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. టాంగ్ టెస్టర్ తగిలించి, నేమ్‌ప్లేటు మీద ఉన్న యాంపియర్లనూ మీటరు చూపిస్తున్నవాటినీ పక్కపక్కన పెట్టి రైతుకు చూపించండి. అతనికి సంగతి అర్థమవుతుంది. కొత్త మోటారు దించేటప్పుడు స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఎక్కడ సెట్ చేయాలో మీకూ తెలుస్తుంది.