దేశాంతర మరణము: అప్పటి శాస్త్రము, ఇప్పటి కాగితములు

కువైట్ నగరమునకు దక్షిణమున మిష్రిఫ్ అను నివాస ప్రాంతము కలదు. ఆ దేశపు అంతర్జాతీయ ప్రదర్శనశాలలు ఇచ్చటనే యున్నవి. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు వాటిని వైద్యసేవలకు వాడిరి. ఆ యేడు డిసెంబరు 24న టీకాల కేంద్రమును కూడ ఇచ్చటనే ఆరంభించిరి. మిగిలినదంతయు పెద్ద పెద్ద ఇండ్లు. కువైట్‌లోని ఇట్టి ఇండ్లలో వంట చేయువారు, పిల్లలను పెంచువారు, కార్లు నడుపువారు అనేకులు. వారిలో కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల తెలుగువారు తక్కువమంది కారు.

ఈ ప్రయాణమునకు ముందు ఇంటిలో జీతము మాట వచ్చును, అప్పు మాట వచ్చును, పిల్లల చదువు మాట వచ్చును. మరణము మాట మాత్రము రాదు. ఎవరైన ఎత్తినను, శుభమా అని బయలుదేరుచుండగా ఆ పాడుమాట యెందుకని పెద్దలు వారింతురు. వారి భయము అర్థము కానిది కాదు. కాని ముందుగా ఆ మాట అనుకొనని ఇండ్లలోనే తరువాత దుఃఖమునకు తోడు గందరగోళము కూడ ఏర్పడుచున్నది.

కువైట్‌లో దహన సంస్కారమునకు అనుమతి లేదు. ముస్లిమేతరులను అచ్చటనే పాతిపెట్టుటకు స్థలము కలదు. కావున మరణించిన హిందువుల కుటుంబమునకు రెండే దారులు: దేహమును స్వదేశమునకు తెచ్చుకొనుట, లేక అచ్చటి మట్టికే అప్పగించుట. తెలుగువారందరును దహనమే చేయుదురని కాదు. ఖననము ఆచారముగా గల కుటుంబములు ఎన్నో కలవు. అయినను వారు కోరునది తమ ఊరి మట్టినే.

దేహము ఇంటికి రావలెనన్న, ముందు కాగితములు కదలవలెను. ఆసుపత్రియో, పోలీసులో మరణకారణమును ధ్రువపరచవలెను. మరణ ధ్రువపత్రము పుట్టవలెను. యజమాని, అనగా అచ్చటివారు కఫీల్ అనువాడు, బాకీలు తీర్చి సంతకము చేయవలెను. భారత రాయబార కార్యాలయము మరణమును నమోదు చేసి, పాస్‌పోర్టును రద్దుపరచి, నిరభ్యంతర పత్రము నీయవలెను. దేహము చెడకుండ మందులెక్కించి, పేటికలో భద్రపరచి, ఆ రెంటికిని వేరువేరు పత్రములు పొందవలెను. ఇన్నింటి నడుమ ఊరినుండి రావలసినది ఒకటి కలదు: వారసుల సమ్మతి పత్రము. చాలసార్లు ఆలస్యము ఇచ్చటనే జరుగును. భార్య ఒకమాట, అన్నదమ్ములు ఒకమాట చెప్పినచో, అక్కడ శవాగారములో దినములు గడచుచుండును. తప్పు ఎవరిదని తేల్చుటకు అది సమయము కాదు. తేల్చవలసిన సమయము ప్రయాణమునకు ముందే దాటిపోయినది.

2020 మార్చిలో విమానములు నిలిచిపోయినపుడు ఈ దారియు మూసుకొనిపోయినది. దేహములను స్వదేశమునకు అనుమతించు పద్ధతిని భారత హోంశాఖ ఏప్రిల్ 25న ప్రకటించినది. 2024 జూన్ 12న మంగాఫ్‌లో శ్రామికులు నివసించు భవనమునకు నిప్పంటుకొని సుమారు ఏబదిమంది మరణించిరి. మృతులైన భారతీయులలో నలుబదియైదుగురి దేహములను జూన్ 14న వాయుసేన విమానములో కొచ్చికి తెచ్చిరి. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. అంతటి ప్రమాదమునకు ప్రభుత్వములు కదలును. ఒంటరిగా ఒక గదిలో గుండె ఆగిన వాని కొరకు కదలవలసినవారు ఇంటివారును, తోటివారును మాత్రమే.

ఇక శాస్త్రము మాట. ఇంటి మంచము మీద, కొడుకుల నడుమ సంభవించు మరణమునే మన ధర్మశాస్త్రములు ఎరుగునని కొందరు తలంతురు. అది పొరపాటు. దేశాంతర మరణము అను మాటయే శాస్త్రములోనిది. దూరదేశములో బంధువు మరణించిన వార్త పది దినముల లోపల వినినచో, మిగిలిన దినములు మాత్రమే మైల యని మనుస్మృతి ఐదవ అధ్యాయము చెప్పుచున్నది. పది దినములు దాటిన పిమ్మట వినినచో మూడు రాత్రులు. సంవత్సరము దాటిన తరువాత వినినచో స్నానముతోనే శుద్ధి. వార్త ఓడలో, బండిలో, కాలినడకన వచ్చు కాలమునందు ఈ నియమము పుట్టినది. దుఃఖమునకు కొలత వేయుట దీని ఉద్దేశము కాదు. ఆలస్యముగా తెలిసినవాడు పాపము చేసినవాడు కాడని చెప్పుట దీని ఉద్దేశము.

దేహమే దొరకనిచో ఏమి చేయవలెను? దానికిని విధి కలదు. మూడువందల అరువది మోదుగ కాడలతో మనుష్యాకారమును కూర్చి, దర్భలతో కట్టి, దానికి దహనము చేయుదురు. ఎటుపోయెనో తెలియనివాని కొరకు పండ్రెండు సంవత్సరములు ఎదురుచూచి ఈ కర్మ చేయు ఆచారము కలదు.

ఈ పండ్రెండు సంవత్సరముల మాట తోటల నుండి వచ్చిన కుటుంబములకు దూరపు మాట కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడ దర్బను రేవు చేరినది. 1911 వరకు నేటాల్‌కు వచ్చిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వారి పట్టికలలో ప్రతివానికి ఒక సంఖ్య, తండ్రి పేరు, ఊరు, జిల్లా వ్రాసియున్నవి. విశాఖపట్నము, గోదావరి జిల్లాల పేర్లు అందులో కనబడును. చెరకుతోటలో ఒకడు మరణించినచో అతని సంఖ్యకు ఎదురుగా ఒక గీత, ఒక తేదీ పడెడివి. ఆ వార్త చేరని ఇండ్లు అనేకము. అచ్చటి భార్య తాళి తీయవలెనో, ఉంచుకొనవలెనో తెలియక ఎన్ని యేండ్లు గడపినదో ఏ పట్టికలోను లేదు. కువైట్‌లోని శ్రామికునికి చేతిలో ఫోనున్నది, వార్త నిమిషములో చేరును. అయినను ఎవరికి చెప్పవలెను, ఎవరు సంతకము చేయవలెను అను ప్రశ్న నాటిదే.

దుఃఖము రెండువైపులను ఉండును. ఊరిలో తల్లి మరణించినపుడు మిష్రిఫ్‌లోని వంటింట నిలిచిన కూతురి మాట కూడ తలపవలెను. సెలవు దొరకదు, దొరకినను విమానము అందదు. చితికి నిప్పు పెట్టుటను ఆమె ఫోనులో చూచును. చూచి, కన్నులు తుడుచుకొని, ఇంటివారికి భోజనము వడ్డించును. వివాహితయైన కూతురికి తల్లిదండ్రుల మైల మూడు దినములని ఆచారము. ఆ మూడు దినములు ఆమె పని మానలేకపోవచ్చును. తెల్లవారుజామున స్నానము చేసి, తల్లి పేరు తలచి, ఒంటిపూట భోజనముతో గడపినను అది లోపము కాదని ఇంటి పెద్దలు ఆమెకు ఫోనులో చెప్పవలెను. చెప్పనిచో, కడచూపు చూడలేదన్న ముల్లు ఆమెకు యేండ్లతరబడి గుచ్చుకొనుచుండును.

తిథి విషయము చిన్నదిగా తోచును గాని ఆబ్దికము దానిమీదనే ఆధారపడును. కువైట్ గడియారము భారతదేశపు గడియారము కంటె రెండున్నర గంటలు వెనుక. అచ్చట రాత్రి పది గంటలకు మరణించినచో ఇచ్చట అర్ధరాత్రి దాటి తేదీ మారును. కావున మరణించిన గంటను, అది ఏ దేశపు గంటయో వ్రాసి పురోహితునికి చూపవలెను. మాసము తెలిసి తిథి తెలియనిచో అమావాస్యనాడు చేయుట వాడుక.

ప్రభుత్వ సహాయములను గూర్చి భ్రమలు ఎక్కువ. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద పది లక్షల రూపాయలు వచ్చును. కాని అది ప్రమాద మరణమునకును, శాశ్వత అంగవైకల్యమునకును మాత్రమే. గుండెపోటునకు రాదు. ఇది తెలియక ఎదురుచూచి నిరాశపడు కుటుంబములు కలవు. దిక్కులేనివారి దేహములను పంపుటకు రాయబార కార్యాలయములలో 2009 నుండి సంక్షేమ నిధి కలదు. దేహము భారతదేశములో దిగుటకు కావలసిన అనుమతుల కొరకు 2023 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ-కేర్ అను పద్ధతిని ఆరంభించినది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబములకు ఐదు లక్షల రూపాయలు ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తర్వు చేసినది. ఇండ్లలో పనిచేయువారికి కువైట్‌లో 2015 నాటి 68వ చట్టము ప్రకారము, చేసిన ప్రతి సంవత్సరమునకు ఒక నెల జీతము పని ముగింపున రావలసియున్నది. ఆ బాకీని అడుగుటకు, పనిలో చేరిన తేదీ ఇంటివారికి తెలిసియుండవలెను.

కావున ప్రయాణమునకు ముందు ఒక కాగితము వ్రాయుట మేలు. పాస్‌పోర్టు సంఖ్య, బీమా పత్రపు సంఖ్య, యజమాని పేరు, ఇంటి చిరునామా, అచ్చట నమ్మదగిన ఒక స్నేహితుని ఫోను సంఖ్య అందులో ఉండవలెను. తన తరఫున సంతకము చేయవలసినవారు ఎవరు, సొమ్ము ఎవరికి చెందవలెను, దేహమును తెచ్చుటయా, రానిచో అచ్చటనే ఉంచుటయా, కర్మ ఎవరు చేయవలెను, దహనమా, ఖననమా: ఇవన్నియు తన మాటలలో వ్రాసి, భార్య యెదుట, అన్నదమ్ముల యెదుట చదివి వినిపింపవలెను. వినిపించునపుడు ఎవరో ఒకరు ఏడ్చుదురు, చదువుట ఆపవలదు. అచ్చటికి చేరి సివిల్ ఐడీ వచ్చిన పిదప, ఆ సంఖ్యను, పనిలో చేరిన తేదీని ఇంటికి తెలిపి అందులో చేర్పింపవలెను. కాగితమునకు రెండు ప్రతులు కావలెను. ఒకటి వెంట తీసుకొనిపోవు పెట్టెలో, రెండవది ఇంటిలో పొలము పాసుపుస్తకము ప్రక్కన.